మీకు తెలుసా? రెడ్ అలర్ట్ వెనుక రష్యన్లు

జనగామ జిల్లా కడవెండి పేరు తెలియని తెలంగాణ పాఠకుడు ఉండడు. 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగింది అక్కడే. తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన ఆ నేల మీద రష్యన్ పేర్లు పరాయివి కావు. లెనిన్, స్టాలిన్, గోర్కీ అని పిల్లలకు పేర్లు పెట్టుకున్నవాళ్ళు ఇక్కడ బాగానే ఉన్నారు. మోల్చనోవ్ అనో, ఫ్రీడ్మన్ అనో పెట్టుకున్నవాళ్ళు మాత్రం తారసపడరు. ముసురు పట్టిన రాత్రి టీవీ తెర కింద పరుగెత్తే వాన హెచ్చరికలో ఈ రెండో వరుసవాళ్ళ చెయ్యే ఎక్కువ. ఈ వారం వాళ్ళ కబుర్లు.

నైన్‌పాక మీదికొచ్చిన ఇంజనీరు

2023 జులై 27. పుష్యమి కార్తె. మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి ఊరు ఊరంతా నీళ్ళలో మునిగింది. అదే రోజు చిట్యాల మండలం నైన్‌పాక దగ్గర ఆరుగురు వరదలో చిక్కి, జేసీబీ పైకెక్కి గంటల తరబడి నిలబడ్డారు. చివరికి వాయుసేన హెలికాప్టర్ వచ్చి వాళ్ళను పైకి తీసుకుంది. అది ఎంఐ-17 వి5. ఆ పేరులోని రెండక్షరాలు మిఖాయిల్ మిల్ అనే ఇంజనీరువి. 1909లో సైబీరియాలోని ఇర్కుత్స్క్‌లో పుట్టాడు, 1970లో పోయాడు. 1961లో తొలిసారి ఎగిరిన ఆయన ఎంఐ-8కు తర్వాతి రూపమే ఈ ఎంఐ-17. మన దగ్గర వరద వచ్చిన ప్రతిసారీ తలెత్తి చూసే యంత్రం అదే.

ఇంతకంటే విచిత్రం ఇంకోటుంది. హెలికాప్టర్ లాంటిదాన్ని ఒక రష్యన్ మొదట ఊహించిందే వాతావరణం కోసం. మిఖాయిల్ లొమొనోసొవ్ 1754 జులైలో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ సభ్యుల ముందు ఒక బొమ్మ యంత్రం పెట్టాడు. గడియారం స్ప్రింగుతో ఎదురెదురుగా తిరిగే రెక్కలు. మనుషులను ఎత్తాలని కాదు, థర్మామీటరును, విద్యుత్తును కొలిచే సాధనాన్ని పై గాలిలోకి పంపాలని ఆయన కోరిక. యంత్రం తన బరువు తాను మోయలేకపోయింది. ఆలోచన మాత్రం సరైనదే. వాన సంగతి తెలియాలంటే ముందు పైనున్న గాలి సంగతి తెలియాలి.

అంతకు మించి మెట్టు లేదు

మోరంచవాగు పొంగిన ఆ రోజు చిట్యాలలో 24 గంటల్లో 616.5 మి.మీ. వాన పడింది. పక్కనే ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. పడింది. 2019 దాకా ఆ మండలమూ భూపాలపల్లి జిల్లాలోదే. తెలంగాణ మొత్తం మీద ఏడాది సగటే సుమారు 900 మి.మీ. అంతకుముందు రికార్డు 2013 జులై 19న వాజేడులో పడిన 517.5. పదేళ్ళకు అది చెరిగిపోయింది.

వాతావరణ శాఖ లెక్కలో 64.5 మి.మీ. దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ఆపైన మి.మీ. హద్దుతో ఇంకో మెట్టు లేదు. 205 పడినా, 650 పడినా హెచ్చరిక రంగు ఒకటే, ఎరుపు. వాగు పక్కన ఇల్లున్నవాడికి ఈ రెంటికీ ఉన్న తేడా ప్రాణమంత. ఇంకో మెట్టు కట్టుకోవాల్సిన కాలం వచ్చిందని నాకనిపిస్తుంది.

పిడుగును పట్టబోయి

లొమొనోసొవ్ స్నేహితుడు గియోర్గ్ రిచ్‌మన్ పిడుగు మీద ప్రయోగాలు చేసేవాడు. ఇంటి పైకప్పు నుంచి ఇనుప కడ్డీని లోపలికి దించి, మేఘంలోని విద్యుత్తును కొలవాలని ప్రయత్నం. 1753 ఆగస్టు 6న అకాడమీ సమావేశంలో ఉండగా ఉరుము వినిపించి ఇంటికి పరుగెత్తాడు. బొమ్మ గీయడానికి ఒక చిత్రకారుణ్ణి కూడా వెంట తీసుకెళ్ళాడు. కడ్డీ నుంచి వెలువడిన మెరుపు రిచ్‌మన్ నుదుటికి తగిలింది. అక్కడికక్కడే చనిపోయాడు. చిత్రకారుడు బతికి బయటపడి చూసింది చెప్పాడు. స్నేహితుడి భార్యాపిల్లలకు పింఛను ఇప్పించమని లొమొనోసొవ్ అధికారులకు ఉత్తరం రాశాడు.

నూట నలభై ఏళ్ళ తర్వాత అదే నగరంలో అలెగ్జాండర్ పొపోవ్ ఇంకో దారి పట్టాడు. పిడుగు దగ్గరికి పోవడమెందుకు, దాన్నుంచి వచ్చే తరంగాన్ని దూరం నుంచే పడితే పోలేదా? 1895 మే 7న తన రిసీవరును ప్రదర్శించాడు. ఆ వేసవిలోనే దాన్ని అటవీ విద్యాసంస్థ వాతావరణ కేంద్రంలో బిగించారు. కిలోమీటర్ల దూరంలోని మెరుపులను అది కాగితం మీద గీతలుగా నమోదు చేసింది. రష్యాలో మే 7ను రేడియో దినోత్సవంగా జరుపుకుంటారు గానీ, ఆ పెట్టె మొదట చేసిన ఉద్యోగం ఉరుముల లెక్క.

పత్తి చేలో, చెట్టు కింద, గొర్ల మంద దగ్గర పిడుగు పడి మనుషులు పోయారన్న వార్త లేని వానాకాలం మన జిల్లాల్లో లేదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తెచ్చిన దామిని యాప్ పొపోవ్ చూపిన సూత్రం మీదే నడుస్తుంది. దేశమంతా పరచిన సెన్సర్లు మెరుపు తరంగాన్ని పట్టి, మనం నిలబడ్డ చోటికి 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే చెబుతాయి. ఫోనులో సినిమా పాటలకు ఇచ్చిన చోటులో కొంచెం దీనికీ ఇవ్వండి.

తడిసిన బెలూన్

రసాయన శాస్త్రం పుస్తకంలో మూలకాల పట్టిక ముందు మనల్ని కూర్చోబెట్టిన మెండలీవ్‌ను వాన ఒకసారి ఒంటరివాణ్ణి చేసింది. 1887 ఆగస్టు 19న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని పైనుంచి చూడ్డానికి మాస్కో దగ్గరి క్లిన్ ఊళ్ళో బెలూన్ సిద్ధంగా ఉంది. రాత్రి వానకు తడిసి బరువెక్కి ఇద్దరిని ఎత్తనని మొరాయించింది. మెండలీవ్ పైలట్‌ను దిగిపొమ్మని, తానొక్కడే ఎగిరిపోయాడు. అంతకుముందు బెలూన్ నడిపిన అనుభవం లేదు, వయసు 53. దిగే ముందు గ్యాస్ వదిలే తాడు చిక్కుపడితే బుట్ట అంచు ఎక్కి విడదీశాడు. క్షేమంగానే దిగాడు.

రెండు జనవరి 30లు

విశ్వం వ్యాకోచిస్తోందని లెక్క కట్టి చెప్పిన అలెగ్జాండర్ ఫ్రీడ్మన్ జీతం తీసుకున్నది వాతావరణ శాఖలో. 1888లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు లైప్‌జిగ్‌లో నార్వే శాస్త్రవేత్త బ్యెర్క్‌నెస్ దగ్గర వాతావరణ గణితం నేర్చాడు. యుద్ధంలో విమానాలెక్కాడు. 1922లో ఐన్‌స్టీన్ సమీకరణాలకు కొత్త పరిష్కారం రాసి పంపితే, తప్పని ఐన్‌స్టీన్ అచ్చులోనే అన్నాడు. మరుసటి ఏడాది తప్పు తనదేనని అచ్చులోనే ఒప్పుకున్నాడు. అంతటి గణితవేత్త 1925 జులైలో పై గాలిని కొలవడానికి పావెల్ ఫెదొసెయెంకో అనే పైలట్‌తో కలిసి బెలూన్‌లో 7,400 మీటర్లు ఎక్కాడు. అప్పటికి దేశంలో అదే రికార్డు. ఇంకో రెండు నెలలకు టైఫాయిడ్‌తో కన్నుమూశాడు. 37 ఏళ్ళు.

ఫెదొసెయెంకో ఆగలేదు. 1934 జనవరి 30న మరో ఇద్దరితో కలిసి స్ట్రాటోస్ఫియర్ బెలూన్‌లో 22 కిలోమీటర్ల ఎత్తుకు చేరాడు. దిగేటప్పుడు బుట్ట ఊడి కూలిపోయింది. ముగ్గురూ చనిపోయారు.

నాలుగేళ్ళ ముందు సరిగ్గా అదే తేదీన, 1930 జనవరి 30న, లెనిన్‌గ్రాడ్ పక్కనున్న పావ్లొవ్‌స్క్‌లో పావెల్ మోల్చనోవ్ ఒక బెలూన్ వదిలాడు. అందులో మనిషి లేడు. చిన్న పెట్టె, దానికి రేడియో. వేడి ఎంత, ఒత్తిడి ఎంత అన్నది పెట్టె ఎగురుతూనే సంకేతాలతో కిందికి చెప్పింది. దాన్ని రేడియోసాండ్ అంటారు. అంతకు ఏడాది ముందే ఫ్రాన్స్‌లో రాబర్ట్ బ్యూరో ఇలాంటి పెట్టెను పంపాడు. అయితే మోల్చనోవ్ సంకేతాలు నేరుగా వాతావరణ కేంద్రానికి రోజువారీ పనికొచ్చే తీరులో చేరాయి. రెండు జనవరి 30లను పక్కపక్కన పెట్టి చూడండి. మనిషి పోవాల్సిన అవసరం లేదని తేలిన నాలుగేళ్ళకు కూడా మనుషులు పైకి పోతూనే ఉన్నారు. రికార్డు మోజు అలాంటిది.

మోల్చనోవ్ పెట్టె వారసులు ఇప్పుడు హైదరాబాద్ బేగంపేట నుంచి, మచిలీపట్నం నుంచి, విశాఖ నుంచి ఎగురుతుంటాయి. వేళ అంతర్జాతీయంగా కుదుర్చుకున్నదే. గ్రీన్‌విచ్‌లో అర్ధరాత్రి, మధ్యాహ్నం పన్నెండు. మనకు పొద్దున అయిదున్నర, సాయంత్రం అయిదున్నర. బెలూన్ 30 కిలోమీటర్ల దాకా పోయి పగిలిపోతుంది, పెట్టె ఎక్కడో చేలో పడుతుంది. పైనుంచి ఏది పడినా మనకు గ్రహాంతరవాసులే గుర్తొస్తారు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో గోళం లాంటి పెద్ద వస్తువు దిగితే జనం బండ్లు కట్టుకుని పోయి చూశారు. అది హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన స్పెయిన్ కంపెనీ పరీక్ష పెట్టె.

మ్యాపు మీద అక్షరాలు

అదే తెలంగాణలో జనగామ చెరువులు వాన కోసం ఎదురు చూస్తుంటే, భూపాలపల్లి అడవుల్లో వాగులు దాటలేని రోజులుంటాయి. ఇలాంటి తేడాలను అక్షరాలతో గుర్తించే పద్ధతి వ్లదీమిర్ కోపెన్‌ది. 1846లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు, క్రిమియాలో పెరిగాడు. సింఫెరోపోల్ మైదానం నుంచి కొండ దాటి సముద్రం ఒడ్డున ఉన్న ఇంటికి పోతుంటే చెట్లూ చేమలూ మారిపోవడం కుర్రవాడిగా గమనించాడు. మొక్కలను చూస్తే వాతావరణం తెలుస్తుందన్న ఊహ అక్కడిదే. తర్వాత బతుకు చాలావరకు జర్మనీలో గడిచినా మొదటి పాఠం క్రిమియా దారిది. ఆయన అల్లుడు ఖండాలు కదులుతాయని చెప్పిన వెగెనర్. కోపెన్ మ్యాపు ప్రకారం మన రాష్ట్రం ఉష్ణమండల సవన్నా, వేడి పాక్షిక శుష్క ప్రాంతం అనే రెండు ముక్కల మధ్య పంచుకుని ఉంది. మన రైతుకు ఈ సంగతి మ్యాపు లేకుండానే తెలుసు. ఎక్కడ వరి, ఎక్కడ పత్తి, ఎక్కడ కంది వేయాలో చెప్పేది అదే కదా.

మునిగిన ఓడలు

1854 నవంబరు 14న క్రిమియాలో బలక్లావా దగ్గర తుపాను ఫ్రెంచి, బ్రిటిష్ ఓడలను ముక్కలు చేసింది. ముందు రోజు అదే తుపాను యూరప్ మీద ఎక్కడుందో టెలిగ్రాఫ్‌తో తెలుసుకోగలిగేవాళ్ళమే అని ఫ్రెంచి ఖగోళవేత్త లెవెరియే రుజువు చేశాడు. అక్కడి నుంచి యూరప్‌లో వాన కబురు తీగల మీద నడవడం మొదలైంది. రష్యా రోజువారీ బులెటిన్ 1872లో. మన వాతావరణ శాఖ 1875లో. మనకు బలక్లావా ఏదంటే, 1864 అక్టోబరులో కలకత్తా, నవంబరు 1న మచిలీపట్నం. అక్కడ పోయినవి ఓడలు మాత్రమే కావు, వేల ప్రాణాలు.

నెల్లూరాయన, సోవియట్ నౌకలు

వానాకాలంలో దక్షిణ భారతం మీద సుమారు 14, 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఉరికే గాలి ప్రవాహం ఉంది. దాన్ని లోకానికి చూపినవాడు పంచేటి కోటేశ్వరం, 1915లో నెల్లూరులో పుట్టిన తెలుగువాడు. బెలూన్లు మోసుకొచ్చిన గాలి లెక్కలు లేకపోతే అది దొరికేది కాదు. 1969 నుంచి 1975 దాకా వాతావరణ శాఖ డైరెక్టర్ జనరల్ ఆయనే. ఆయన హయాంలోనే 1973లో భారత్, సోవియట్ నౌకలు కలిసి రుతుపవనాల మీద సముద్రంలో పరిశోధన చేశాయి. తిరువనంతపురం దగ్గరి తుంబా నుంచి ఎం-100 అనే సోవియట్ వాతావరణ రాకెట్లను 1970 చివరి నుంచి రెండు దశాబ్దాలకు పైగా వారం వారం ఎగరేశారు. ఇన్ని అంతరిక్ష కబుర్లు చెప్పుకుంటాం గానీ, ఈ వారపు రాకెట్లను ఎవరూ తలచుకోరు.

శత్రువులు కూర్చుని రాసింది

అమెరికా, సోవియట్లు ఒకరి మీద ఒకరు క్షిపణులు గురిపెట్టుకున్న 1962లోనే, అమెరికన్ హ్యారీ వెక్స్‌లర్, సోవియట్ విక్టర్ బుగాయెవ్ కలిసి ప్రపంచ వాతావరణ పరిశీలనకు ప్రణాళిక రాశారు. మరుసటి ఏడాది దానికి ఆమోదం దొరికింది. బేగంపేట బెలూన్ లెక్క మాస్కోకూ, మాస్కో లెక్క ఢిల్లీకీ ఇప్పటికీ చేరుతోంది.

కంప్యూటర్ లేని రోజుల్లో

గాలి సమీకరణాలను లెక్క కట్టి రేపటి వాతావరణం చెప్పవచ్చని బ్రిటిష్ రిచర్డ్‌సన్ 1922లో పుస్తకమే రాశాడు. కానీ చేతితో చేస్తే లెక్క తెమలదు. ఇల్యా కీబెల్ 1940లో ఆ సమీకరణాల్లో అవసరం లేని వాటిని తీసేసి, ఒక్క రోజు ముందస్తు లెక్కను మనుషులే కట్టగలిగేంత చిన్నది చేశాడు. 1941లో స్టాలిన్ బహుమతి వచ్చింది. యెకతెరీనా బ్లినోవా అనే ఆమె 1943లో ఇంకా ఎక్కువ రోజుల ముందుచూపుకు దారి వేసింది.

2025 మేలో మన దేశం తెచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ ఇలాంటి లెక్కనే కంప్యూటర్ల మీద, 6 కిలోమీటర్ల గడులతో కడుతుంది. అంత సన్న గడి ఎందుకంటే 2024 సెప్టెంబరు 1ని చూడండి. వాయుగుండం తీరం దాటింది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర. రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడింది మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నె మధ్య. విజయవాడ, వరంగల్ మార్గంలో రైళ్ళు ఆగిపోయాయి. ఆ రెండు చోట్లకూ మధ్య దూరం నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. వాన ఏ మూల కుమ్మరిస్తుందో చెప్పాలంటే గడి సన్నగా ఉండాలి.