దాచిన వ్యాధిని లోకమునకు చాటిన నటుడు

మన గ్రామములలో వయస్సు మళ్ళిన వారికి చేతులు వణకుట అందరును చూచునదే. "పెద్దతనము వచ్చినది, ఇక ఇంతే" యని ఇంటివారు సరిపెట్టుకొందురు. నడివయస్సు వానికి చేయి వణకి అడుగు తడబడినచో, "త్రాగి వచ్చినాడు" అని రచ్చబండ వద్ద నలుగురును అనుకొందురు. ఈ రెండు అభిప్రాయములును పొరపాటు కావచ్చును. ఆ వణకు వెనుక పార్కిన్సన్ వ్యాధి యుండవచ్చును. ఈ వ్యాధిని ఏడు సంవత్సరములు దాచి, ఆ పిమ్మట లోకమున కంతటికి చాటి, దానిపై పరిశోధనకు తన శేషజీవితమును వినియోగించుచున్న ఒక నటుని చరిత్రను పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

వ్యాధి ఎట్టిది?

1817వ సంవత్సరమున లండను నగర వైద్యుడైన జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగుల లక్షణములను పరిశీలించి, ఈ వ్యాధిని గూర్చి ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. వారిలో కొందరిని ఆయన వీధిలో నడచిపోవుచుండగా చూచి గమనించినవాడే. ఆయన పేరే తరువాత వ్యాధికి స్థిరపడినది. మన ఆయుర్వేదమున కంపవాతమని చెప్పబడిన వ్యాధిని పలువురు దీనితో పోల్చుచున్నారు.

మెదడు లోపలి భాగమున కొన్ని కణములు డోపమిన్ అను రసాయన పదార్థమును తయారు చేయును. చేయి చాచుట, అడుగు వేయుట, మాటాడుట మొదలైన కదలికలు సాఫీగా సాగుటకు ఈ పదార్థము అవసరము. ఆ కణములు క్రమముగా నశించుటయే పార్కిన్సన్ వ్యాధి. చెరువు చాల వరకు ఎండిన తరువాత గాని చివరి పొలమునకు నీరందుట లేదని రైతునకు తెలియదు. అట్లే, ఆ కణములలో పెక్కు భాగము నశించిన తరువాత గాని వణకు బయటపడదు.

విశ్రాంతిగా నున్నప్పుడు చేయి వణకుట, కాలుసేతులు బిగిసికొనుట, పనులన్నియు నెమ్మదించుట, తూలుట ముఖ్య లక్షణములు. చేవ్రాలు చిన్నదగుట, కంఠస్వరము తగ్గుట, ముఖమున భావము కనిపింపకుండుట, నడచునప్పుడు ఒక చేయి ఊగకుండుట కూడ గమనింపదగినవి. వాసన తెలియకపోవుట, మలబద్ధకము, నిద్రలో కేకలు వేసి చేతులు విసరుట కొందరిలో వణకునకు ఎన్నో యేండ్లు ముందే కనిపించును. ఇది అంటువ్యాధి కాదు, దయ్యపు చేష్ట అంతకన్న కాదు. సాధారణముగా 60 సంవత్సరములు దాటినవారికి వచ్చును గాని, 50 ఏండ్లకు లోపలివారికిని వచ్చుటకలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2019లో ప్రపంచమున 85 లక్షల మందికి పైగా ఈ వ్యాధితో బాధపడుచుండిరి.

నటుడు, వ్యాధి

మైకెల్ జె. ఫాక్స్ 1961 జూన్ 9వ తేదీన కెనడా దేశములోని ఎడ్మంటన్ నగరమున జన్మించిరి. తండ్రి సైన్యములో ఉద్యోగి. ఫాక్స్ చదువును మధ్యలో విడిచి, 18వ ఏట అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమునకు నటనను నమ్ముకొని వెళ్ళిరి. కొంతకాలము దారిద్ర్యమును అనుభవించిన పిమ్మట, 1982లో మొదలైన 'ఫ్యామిలీ టైస్' అను టెలివిజన్ హాస్య ధారావాహిక వలన ఆయనకు పేరు వచ్చినది. 1985లో విడుదలయైన 'బ్యాక్ టు ది ఫ్యూచర్' చలనచిత్రము ఆయనను దేశదేశములలో ప్రసిద్ధుని చేసినది. 1988లో నటి ట్రేసీ పోలన్ ఆయనకు సహధర్మచారిణి యైనది.

1990లో ఒక చిత్ర నిర్మాణ సమయమున, ఒకనాటి ఉదయము మేల్కొనగానే ఎడమచేతి చిటికెన వ్రేలు తనంతట తాను కదలుచుండుటను ఆయన గమనించిరి. మరుసటి సంవత్సరము వైద్యులు పార్కిన్సన్ వ్యాధి యని నిర్ణయించిరి. అప్పటికి ఆయన వయస్సు 29 సంవత్సరములు మాత్రమే. నటుడుగా ఇంక పది సంవత్సరములు మాత్రమే పని చేయగలరని ఆయనకు చెప్పబడినది.

ఈ వార్తను సహించలేక ఆయన మొదట మద్యమును ఆశ్రయించిరి. త్రాగుడు వ్యాధిని మరపింపలేదు సరికదా, కుటుంబమునకు మరియొక కష్టమును తెచ్చిపెట్టినది. 1992లో ఆయన మద్యమును పూర్తిగా విడనాడిరి. అయినను వ్యాధిని మాత్రము బయట పెట్టలేదు. ఎడమచేతి వణకు కనబడకుండుటకై నటించునప్పుడు ఆ చేతిలో ఏదో యొక వస్తువును పట్టుకొనెడివారు. కెమేరా ముందు నిలుచు వేళకు మందు పని చేయునట్లుగా లెక్కవేసి మాత్రలు మ్రింగెడివారు. ఇట్లు ఏడు సంవత్సరములు గడచినవి. ధనము, కీర్తి, మంచి వైద్యము గల మనుష్యునికే ఈ భయము తప్పలేదనిన, మన గ్రామములలో చేయి వణకు కూలివాడు పని దొరకదేమో యని దాని నెట్లు దాచుకొనునో మనము ఊహింపవచ్చును.

మాట బయట పెట్టుట

1998 నవంబరులో ఆయన తన వ్యాధిని బహిరంగముగా ప్రకటించిరి. జాలి పడుదురనియు, పని ఇయ్యరనియు ఆయన భయపడియుండిరి. జరిగినది వేరు. అదే వ్యాధితో బాధపడుచు ఇంట దాగియున్న అనేకులు తమకును ఒక తోడు దొరికినదని భావించిరి. తానొక్కడే కాక వేలాది కుటుంబములు ఇదే భారమును మోయుచున్నవని ఆయనకు తెలిసివచ్చినది.

1999 సెప్టెంబరులో అమెరికా సెనేటు ఉపసంఘము ఎదుట సాక్ష్యమిచ్చుటకు ఆయన వెళ్ళిరి. ఆ దినమున బుద్ధిపూర్వకముగానే మందు వేసికొనలేదు. వ్యాధి యొక్క నిజస్వరూపమును నిధులు మంజూరు చేయు ప్రతినిధులు కన్నులార చూడవలెనని ఆయన ఉద్దేశము. వణకు చేతులతోనే కూర్చుండి, పరిశోధనకు ప్రభుత్వము మరింత ధనము కేటాయింపవలెనని కోరిరి.

2000లో 'స్పిన్ సిటీ' అను ధారావాహికలోని తన ప్రధాన పాత్రను వదలుకొని, అదే సంవత్సరమున తన పేరిట ఒక పరిశోధనా సంస్థను స్థాపించిరి. సేకరించిన ధనమును నిలువయుంచి వడ్డీతో నడపుట గాక, వెంటవెంటనే పరిశోధనకు పంచుట ఆ సంస్థ పద్ధతి. ఈనాటికి అది 200 కోట్ల డాలర్లకు పైగా పరిశోధనకు సమకూర్చినది. మందు కనుగొనబడి, తమ సంస్థ మూతపడు దినము రావలెననుటయే వారి ఆశయము.

2006లో పరిశోధనను బలపరచు అభ్యర్థికి తోడ్పడుచు ఆయన ఒక ఎన్నికల ప్రకటనలో కనిపించిరి. శరీరము ఇటునటు ఊగుచుండెను. ఒక రేడియో వ్యాఖ్యాత ఆయన నటించుచున్నాడనియో, కావలెనని మందు మానినాడనియో నిందించెను. నిజమునకు ఆ ఊగుట మందు మానుట వలన వచ్చినది కాదు. ఏండ్ల తరబడి మందు వాడుట వలన కలుగు ఫలితము. చూచినంతనే రోగిని నిందింపరాదను సంగతి ఈ ఉదంతము వలన తెలియుచున్నది.

పరిశోధన ఫలించిన విధము

2010లో ఆ సంస్థ కొన్ని దేశములలో రోగులను, ఆరోగ్యవంతులను ఏండ్ల తరబడి పరిశీలించు ఒక బృహత్ప్రయత్నమును ప్రారంభించినది. వెన్నెముక నీటిని పరీక్షించి, ఆల్ఫా సైన్యుక్లిన్ అను మాంసకృత్తు వికృతముగా మారియున్నదో లేదో కనుగొను విధానమును 1,123 మందిపై పరీక్షించి, ఫలితములను 2023లో ప్రకటించిరి. వణకు కనబడకమునుపే వ్యాధిని గుర్తించుటకు ఇది మార్గము చూపుచున్నది. ఇది ఇంకను ప్రతి ఆసుపత్రిలో చేయు పరీక్ష కాదు. వ్యాధిని నిలిపివేయు మందు కూడ ఇంతవరకు కనుగొనబడలేదు.

2018లో ఫాక్స్‌కు వెన్నెముకపై కణితి తీసివేయబడినది. తరువాత పడిపోయి చేయి విరిగినది. 2020లో నటన నుండి విరమించుకొనుచున్నట్లు ప్రకటించిరి. 2022లో ఆస్కారు సంస్థ వారి మానవసేవా పురస్కారమును, 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుని స్వాతంత్ర్య పతకమును అందుకొనిరి.

మందు, మన ప్రాంతపు విత్తనము

ఈనాటికిని ముఖ్యమైన మందు లెవోడోపా. ఇది మెదడులో డోపమిన్‌గా మారి కదలికలను సులభతరము చేయును. 1960 దశాబ్దమున ఇది రోగులకు మేలు చేయునని రుజువైనది. మన పొలము గట్లపై అల్లుకొను దూలగొండి విత్తనములలో ఈ పదార్థమే కలదని 1937లో మద్రాసులోని ఇరువురు శాస్త్రజ్ఞులు నిరూపించిరి. అయినను ఆ విత్తనముల పొడిని ఎవరికి వారు వాడరాదు. ఒక్కొక్క విత్తనములో మందు పాళ్ళు ఒక్కొక్క విధముగా నుండును. అధికమైనచో హాని కలుగును. వైద్యుడు వ్రాసిన మాత్రలనే వేళ తప్పక వేసికొనవలెను. మందు హఠాత్తుగా మానుట అపాయకరము. కొన్ని మానసిక వ్యాధుల మందులు, వాంతి నిలుపు కొన్ని మందులు వాడుట వలనను ఇట్టి వణకే కలుగును. కనుక రోగి వాడుచున్న మందులన్నిటిని వైద్యునికి చూపవలెను.

రైతులు తెలిసికొనవలసిన సంగతి మరియొకటి కలదు. పారాక్వాట్ అను కలుపుమందును, రొటెనోన్ అను పురుగుమందును వాడినవారిలో ఈ వ్యాధి సుమారు రెండున్నర రెట్లు అధికముగా కనిపించినదని 2011లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో తేలినది. మందు చల్లునప్పుడు చేతితొడుగులు, ముఖమునకు కవచము ధరించుట, గాలికి ఎదురుగా చల్లకుండుట, పని ముగిసిన వెంటనే స్నానము చేయుట అందరికిని శ్రేయస్కరము.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించినది. అందులో పార్కిన్సన్ వ్యాధియు నొకటి. వైకల్యము 40 శాతమునకు తగ్గకుండ నున్నదని వైద్యాధికారులు ధ్రువపరచినచో, చట్టము నిర్దేశించిన ప్రత్యేక సౌకర్యములకు రోగి అర్హుడగును. ఈ సంగతి ఎరుగని కుటుంబములు అనేకములు కలవు. వారికి తెలియజెప్పి, దరఖాస్తు చేయించుట సభ్యులు సులభముగా చేయగల సేవ.

మీ వార్డులో చేయి వణకువారు, అడుగు ఈడ్చువారు ఉన్నచో "వయస్సు వలన" అని వదలివేయక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపి, అక్కడినుండి నరముల వైద్యుడు గల పెద్ద ఆసుపత్రికి వెళ్ళునట్లు ప్రోత్సహింపుడు. ప్రతి వణకును పార్కిన్సన్ వ్యాధి కాదు. అది తేల్చవలసినవాడు వైద్యుడే. ప్రతి దినము నడక, వ్యాయామము రోగికి మేలు చేయును గనుక, అతనిని మంచమునకు కట్టివేయరాదు. ఇంటి గడప ఎత్తు తగ్గించుట, స్నానపు గదిలో పట్టుకొనుటకు ఒక కడ్డీ నమర్చుట వంటి చిన్న పనులు పడిపోవుటను నివారించును. సభలో వృద్ధుని మాట నెమ్మదిగా వచ్చినచో, తొందరపెట్టక పూర్తిగా వినుడు.

అన్నిటికంటె ముఖ్యముగా, రోగిని త్రాగుబోతని ఎగతాళి చేయుట మాన్పింపుడు. ఏప్రిల్ 11 జేమ్స్ పార్కిన్సన్ జన్మదినము. ప్రపంచ పార్కిన్సన్ దినముగా జరుపబడుచున్నది. ఆనాడు గ్రామములో ఈ విషయమై పది నిమిషములు మాటాడినను మేలే. లోకప్రసిద్ధుడైన నటుడు తన వణకును బయట పెట్టుటకు ఏడు సంవత్సరములు పట్టినది. మన ఊరి మనుష్యునికి అంతకాలము పట్టకుండ చేయుట మన చేతిలోని పని.