బంకరులో బొగ్గు ఎంతుంది?

మన సోలాపూర్ తూర్పు భాగం ఇళ్లలో మగ్గాల పని విడిచి సిమెంటు కంపెనీలకు, చక్కెర కార్ఖానాలకు, ఫతాటేవాడి కరెంటు ప్లాంటుకు పోయే పిల్లలు ఇప్పుడు ఉన్నారు. వాళ్ల పని నూలుతో కాదు. సిమెంటు, బూడిద, చక్కెర, బొగ్గు చూరా, ఇట్లాంటి పొడి సరుకుతో. అదంతా పెద్ద పెద్ద ఇనుప సైలోల్లో, హాపర్లలో ఉంటది. లోపల సరుకు ఎంతుంది, కింది నుంచి ఎంత పోతుంది అనేది చూసుకోవడమే ఒక పెద్ద పని. నేను నాలుగో తరగతి దాకా చదివినోణ్ణి. మిల్లులో ముప్పై ఏండ్లు చేసిన, అందులో పద్నాలుగేండ్లు బాయిలర్ మీద. నేను చూసిందీ, సిమెంటులో పనిచేసే మా చిన్నోడు చెప్పిందీ కలిపి రాస్తున్నాను.

మగ్గం మీది అన్నలకు, అక్కలకు దీనితో ఏం పని అనుకోకండి. పడుగు గంజి తాగినంక ఆవిరితో కాగిన డ్రమ్ముల మీద ఆరాలి. ఆవిరి తగ్గితే డ్రమ్ములు చల్లబడతయి. పడుగు తడిగానే భీముకు చుట్టుకుంటది, పోగుకు పోగు అతుక్కుంటది. అదే భీము మగ్గమెక్కితే ఇక పోగులు తెగుడే తెగుడు. మీటరు లెక్క కూలి, నష్టం నేసేటోనిదే. జాబర్ తిట్టేది కూడా వాణ్ణే. అసలు సంగతి ఏందంటే, బాయిలర్ మీది బంకరులో బొగ్గు ఇరుక్కొని ఓ అరగంట పొయ్యికి దిగలేదు. ఇది మన మిల్లుల్లో ఎవరికీ తెలిసేది కాదు.

నీళ్ల ట్యాంకు సులువు. పక్కన గాజు గొట్టం పెడితే మట్టం కనబడతది. పొడి సరుకు అట్ల కాదు. పైనుంచి పోస్తే నడుమ కుప్పగా లేస్తది, కింది నుంచి తీస్తే నడుమ గుంట పడతది. గోడ దగ్గర చూస్తే ఒక లెక్క, నడుమ చూస్తే ఇంకో లెక్క. వానాకాలం తడి బొగ్గు చూరా అయితే మరీ మొండిది. హాపర్ మూతి దగ్గర రాతి వంతెన లాగ కమాను కట్టుకుంటది. కింద ఖాళీ, పైన టన్నుల బరువు. ఒక్కోసారి నడుమ బావిలాగ బొక్క పడి, అంచుల సరుకు గోడలకు అతుక్కొని కదలనే కదలదు.

1895లో జర్మనీ దేశపు జాన్సెన్ అనే ఇంజినీరు ధాన్యం సైలోల మీద కొలిచి చూపించాడట. నీళ్లయితే లోతు పెరిగినకొద్దీ అడుగున ఒత్తిడి పెరుగుతూనే పోతది. గింజలయితే ఒక హద్దు దాటినంక పెరగదు, మిగతా బరువు గోడలు మోస్తయి. మా చిన్నోడు ఈ మాట చెప్పినప్పుడు నాకు మా బంకరు గోడలు గుర్తొచ్చినయి. అవి ఎందుకు ఉబ్బేవో అప్పుడు తెలిసింది.

మా కాలంలో కొలత అంటే సుత్తి. నిచ్చెన ఎక్కుకుంటూ రేకు మీద కొట్టుకుంటూ పోవాలి. టంగుమంటే ఖాళీ, దబ్బుమంటే నిండు. చెవి బాగుంటే చాలావరకు తెలుస్తది. కానీ గోడకు అతుక్కున్న తడి చూరా కూడా దబ్బుమనే అంటది. పైగా కొట్టీ కొట్టీ రేకు సొట్టలు పడతది, ఆ సొట్టల్లోనే సరుకు మళ్లీ ఆగుతది.

తర్వాత రెక్క స్విచ్ వచ్చింది. బంకరు గోడకు బయట చిన్న మోటారు, లోపలికి ఒక కడ్డీ, దాని కొసకు రెక్క. ఖాళీ ఉన్నంతసేపు రెక్క నిమిషానికి ఒక చుట్టు అన్నట్టు మెల్లగా తిరుగుతది. సరుకు దాన్ని ముంచగానే తిరగడం ఆగుతది, కింద దీపం వెలుగుతది: నిండింది. ఇంత తేలిక మిషను ఇంకోటి లేదు, నాకు ఇప్పటికీ ఇదే ఇష్టం. దాని తప్పు ఒక్కటే. తడి చూరా రెక్కకు గట్టిగా పట్టుకుంటే, బంకరు ఖాళీగా ఉన్నా రెక్క తిరగదు. దీపం నిండింది అనే చెప్తది.

ఒక మిల్లులో ఇట్లనే జరిగింది. వానాకాలం రాత్రి పాళీ. దీపం వెలుగుతనే ఉంది, కింద పొయ్యికి బొగ్గు లేదు. రెక్క తుడవమని ఆపరేటరు అప్పటికే రెండు వారాల నుంచి చెప్తున్నాడు. పైనుంచి టార్చి వేసి చూస్తే బొగ్గు నిండుగానే కనబడింది. "దిగి నడుమ రెండు పొడుపులు పొడిచి రాపో తమ్మీ" అని మిస్త్రీ హెల్పరును పంపించాడు. ఇరవై రెండేండ్ల పిల్లగాడు, చేతిలో గడ్డపార, నడుముకు తాడు లేదు. కాలు పెట్టింది గట్టి బొగ్గు మీద కాదు, కమాను మీది పెచ్చు మీద. అది కూలింది. కింద ఫీడరు నడుస్తనే ఉంది. పొద్దటి పాళీకి మేం పోయేసరికి రేకు కోసి తీస్తున్నారు. కడుపుతో ఉన్న ఆయన భార్య గేటు బయట నిలబడ్డది.

పొడి సరుకు కదులుతున్నప్పుడు మోకాలు దాకా మునిగితే సొంతంగా బయటికి రావడం కష్టం. నిండా మునగడానికి అర నిమిషం చాలు. మేం పనిచేసిన రోజుల్లో కూడా చట్టం లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 36వ సెక్షన్ ఇట్లాంటి ఇరుకు చోట్ల గురించే ఉండేది. గాలి, దుమ్ము పరీక్ష చేసి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. లేదంటే ఊపిరి తీసుకునే సాధనంతో పాటు నడుముకు బెల్టు, దానికి తాడు ఉండాలి. ఆ తాడు కొస బయట ఒక మనిషి పట్టుకొని నిలబడాలి. దానికి తోడు కింద ఫీడరు కరెంటు తీసి తాళం వేయాలి, ఆ తాళంచెవి దిగేటోని జేబులోనే ఉండాలి. ఇంట్లో ఆడవాళ్లు మీ పిల్లలను ఈ తాళంచెవి సంగతి అడగండి. నోటి మాట మీద దిగమంటే దిగొద్దని కూడా చెప్పండి.

ఇప్పుడు మిషన్లు చాలా మారినయి. మా చిన్నోని దగ్గర సైలో నెత్తి మీద రాడార్ ఉంటదట. తరంగం కిందికి పోయి సరుకుకు తగిలి తిరిగి వచ్చే టైమును బట్టి దూరం లెక్క కడతది. శబ్దంతో కొలిచేవి కూడా ఉన్నయి గానీ, సైలో నింపేటప్పుడు దుమ్ము లేస్తే అవి తడబడతయి, రాడార్ అంతగా తడబడదు. ఇంకోటి, బావిలోకి చేద విడిచినట్టు టేపుకు బరువు కట్టి దింపేది. బరువు సరుకు మీద కూర్చోగానే టేపు వదులవుతది, ఎంత దిగిందో చూస్తే మట్టం తెలుస్తది. కొన్ని చోట్ల సైలో కాళ్ల కింద కాంటాలే పెడతారు, మొత్తం బరువు ఒక్కసారే చూపిస్తది. కమాను కట్టినా, బావి పడినా కాంటా అబద్ధం చెప్పదు. కానీ సరుకు లోపల ఎక్కడ నిలబడి ఉందో అది కూడా చెప్పలేదు.

మట్టం ఒక్కటే చూస్తే సరిపోదు, సరుకు నడక కూడా చూడాలి. బెల్టు కింద ఒక రోలరును కాంటా మీద కూర్చోబెడతారు. ఆ ముక్క మీది బరువు, బెల్టు వేగం కలిపితే గంటకు ఎన్ని టన్నులు పోతుందో వస్తది. సరుకు జారే గొట్టాలకు ఇంకో రకం కన్ను పెడతారు. పొడి కదులుతుంటే ఒక మాట, ఆగితే ఇంకో మాట చెప్తది. ఇది చిన్న సంగతి కాదు. 2008 ఫిబ్రవరిలో అమెరికాలో జార్జియా రాష్ట్రం పోర్ట్ వెంట్‌వర్త్‌లో చక్కెర సైలోల కింద పేలుడు జరిగి 14 మంది చనిపోయారు. సైలో మూతి దగ్గర గడ్డలు ఇరుక్కొని, చక్కెర బెల్టు మీంచి పొర్లి, మూసిన గూటిలో దుమ్ము నిండి ఉంటుందని దర్యాప్తులో రాశారు. మన జిల్లాలో చక్కెర కార్ఖానాలు ఎన్ని ఉన్నయో మీకు తెలుసు.

మా చిన్నోని ప్లాంటులో వారానికొకసారి రాడార్ చెప్పిన లెక్కను టేపు లెక్కతో పోల్చి రిజిస్టరులో రాస్తారట. తేడా వస్తే ముందు రాడార్ మూతికి పట్టిన దుమ్ము గాలితో ఊదుతారు, మళ్లీ చూస్తారు. అప్పటికీ తేడా ఉంటే ఫీడరుకు తాళం, సైలో మూతకు ఎర్ర బోర్డు. "బాపూ, ఆ బోర్డు ఉన్నన్ని రోజులు మేనేజరు చెప్పినా మూత తెరవం" అన్నాడు. బోర్డు తీసేటప్పుడు ముగ్గురి సంతకాలు కావాలట, అందులో ఒకటి హెల్పరుది.