నిజామాబాదు జిల్లాలో మహిళా హక్కుల సంఘాలు

నిజామాబాదు జిల్లాలో మహిళా హక్కుల సంఘాలు ప్రధానంగా నిజామాబాదు పట్టణంలోను, బోధన్ చెరకు ప్రాంతంలోను, చుట్టుపక్కల బీడీ పని సాగే గ్రామాలలోను పనిచేస్తున్నాయి. బీడీ కార్మికుల కూలి, భవిష్యనిధి, పింఛను, జోగిని దురాచార నిర్మూలన, గృహహింస, మద్యం విక్రయాలు వీటి ముఖ్య విషయాలు. సభ జరుపుకొనుటకు, ఊరేగింపు తీయుటకు, నిధులు సమకూర్చుకొనుటకు, అధికారులను ప్రశ్నించుటకు పౌరులకు ఉండే వెసులుబాటు ఇటీవలి దశాబ్దాలలో దేశమంతటా తగ్గుతూ వచ్చింది. ప్రపంచ పౌర సంఘాల కూటమి అయిన సివికస్ 2019 డిసెంబరులో భారతదేశాన్ని పౌర స్వేచ్ఛ అణచివేతకు గురవుతున్న దేశాల వర్గంలో చేర్చింది. ఈ మార్పు రాజధానిలోని పెద్ద సంస్థల కంటె జిల్లాలలోని చిన్న సంఘాలను భిన్నంగా తాకింది. నిజామాబాదు అనుభవం అందుకు ఒక ఉదాహరణ.

ప్రాంత నేపథ్యం

మంజీరా నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు నీటితో బోధన్ పరిసరాలలో చెరకు సాగు విస్తరించింది. దాని ఆధారంగా 1937లో బోధన్ శివారులోని శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా దీనికి పేరుండేది. పొలాలలో చెరకు నాటడం, కలుపు తీయడం, నరకడం వంటి కూలి పనులలో స్త్రీలు పాల్గొనేవారు. 2002లో ప్రభుత్వం కర్మాగారంలోని అధిక వాటాను ప్రైవేటు సంస్థకు అప్పగించింది. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడింది. సారంగాపూర్‌లోని సహకార చక్కెర కర్మాగారం అంతకు ముందే మూతపడింది. బోధన్ కర్మాగారం పునరుద్ధరణ విషయాన్ని పరిశీలించుటకు 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీని నియమించింది.

చెరకు పోయిన పొలాలలో ఎక్కువగా వరి వచ్చింది. వరిలో నాట్ల రోజులలో తప్ప స్త్రీలకు పని తక్కువ, కోత యంత్రాలదే. అందువలన పేద కుటుంబాల స్త్రీలకు ఏడాది పొడవునా ఎంతో కొంత చేతికి వచ్చే పనిగా బీడీ చుట్టడమే మిగిలింది.

చరిత్ర

నిజాం పాలనలో సభలు జరుపుటకు ముందస్తు అనుమతి తప్పనిసరి. ఈ ఆంక్షలు విధించిన ఉత్తర్వు గస్తీ నిషాన్ 53 అనే పేరుతో ప్రసిద్ధం. ఆ ఆంక్షల మధ్యనే 1937లో ఆరవ ఆంధ్ర మహాసభ మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాదులో జరిగింది. దానితోపాటు జరిగిన ఆంధ్ర మహిళాసభకు నందగిరి ఇందిరాదేవి అధ్యక్షత వహించింది. చక్కెర కర్మాగారం ఏర్పడిన సంవత్సరమే జిల్లా కేంద్రంలో స్త్రీలు తమ సభ తాము జరుపుకొన్నారు.

1974లో హైదరాబాదులో ప్రగతిశీల మహిళా సంఘం ఏర్పడింది. మరుసటి సంవత్సరం అత్యవసర పరిస్థితి విధించడంతో దాని కార్యకలాపాలు అణచివేతకు గురయ్యాయి. 1978లో స్త్రీశక్తి సంఘటన ఏర్పడింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలతో ఆ సంఘం 1986లో ప్రచురించిన గ్రంథం "మనకు తెలియని మన చరిత్ర". 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి దారితీసింది. ప్రస్తుతం జిల్లాలో ప్రగతిశీల మహిళా సంఘం, ఐద్వా వంటి సంఘాల శాఖలు, వివిధ కార్మిక సంఘాలకు అనుబంధమైన బీడీ కార్మిక సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు పనిచేస్తున్నాయి. పొదుపు సంఘాలు ఇంతకంటె చాలా విస్తారంగా ఉన్నా, అవి ప్రభుత్వ పథకాలతో, బ్యాంకు రుణాలతో ముడిపడినవి. కాబట్టి ప్రభుత్వాన్ని నిలదీసే పనికి వాటికి స్వతంత్రత పరిమితం.

బీడీ కార్మికులు

తునికాకును తడిపి, కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టే పనిని స్త్రీలు ఇంటి వద్దనే చేస్తారు. ఆకు, తంబాకు ఇచ్చి, చుట్టిన బీడీలను లెక్కించి తీసుకునేది టేకేదారు. కూలి వెయ్యి బీడీల లెక్కన కడతారు. ఆకు నాసిరకమైతే లెక్క తక్కువ పడుతుంది. ఆ నష్టం చుట్టినవారిదే. పని ఇళ్ళలో చెదిరి ఉన్నందున కార్మికులు గుమిగూడుటకు కర్మాగారపు గేటు వంటి చోటు లేదు. యజమాని ఎవరో, కార్మికురాలు ఎవరో నిరూపించే కాగితమే మొదటి సమస్య.

బీడీ, చుట్ట కార్మికుల చట్టం 1966 ఇంటి వద్ద పనిచేసేవారిని కూడా ఉద్యోగులుగా గుర్తించింది. 1977లో భవిష్యనిధి చట్టం బీడీ పరిశ్రమకు వర్తింపజేయబడింది. ఇంట్లో బీడీలు చుట్టేవారు భవిష్యనిధికి అర్హులు కారన్న యాజమాన్యాల వాదనను సుప్రీం కోర్టు 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో తిరస్కరించింది. చుట్టిన బీడీలలో పనికిరానివాటిని తిరస్కరించే అధికారం యజమానికి ఉండటమే పనిపై అతని అదుపునకు నిదర్శనమని కోర్టు భావించింది.

ఈ తీర్పు ఫలితం ముప్పై ఏళ్ళ తరువాత తెలంగాణలో మరో రూపంలో కనబడింది. 2015 మార్చి నుండి రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవనభృతి ప్రారంభించి, 2019లో దానిని 2,016 రూపాయలకు పెంచింది. 2014 ఫిబ్రవరి 28 నాటికి భవిష్యనిధి సభ్యత్వం ఉండాలన్నది అర్హతా నియమాలలో ఒకటి. దీనితో భవిష్యనిధి సంఖ్య ఉన్నవారికి పింఛను వచ్చింది. అదే వాకిట కూర్చుని అవే బీడీలు చుట్టినా, టేకేదారు పుస్తకంలో పేరు ఎక్కనివారికి, గడువు తరువాత నమోదైనవారికి రాలేదు. గడువు తేదీని ఎత్తివేయాలన్నది అప్పటినుండి సంఘాల ముఖ్యమైన కోరికలలో ఒకటి.

పొగాకు ఉత్పత్తుల పెట్టెలపై 85 శాతం మేర బొమ్మల హెచ్చరిక ఉండాలన్న నియమం 2016 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. బీడీ యాజమాన్యాలు ఉత్పత్తి నిలిపివేయగా, పని కోల్పోయిన స్త్రీలు వీధులకెక్కారు. ఇటువంటి సందర్భాలలో కార్మికుల కోరిక ఏది, యజమానుల కోరిక ఏది అనేది కలగలిసిపోతుంది. ఆకు నాణ్యత, కనీస కూలి, ప్రత్యామ్నాయ ఉపాధి వంటి స్త్రీల సొంత కోరికలు వెనుకబడతాయి. 2017లో వస్తు సేవల పన్ను రాకతో బీడీ కార్మికుల సంక్షేమ నిధికి ఆధారమైన సెస్సు రద్దయింది.

జోగినులు

బాలికలను దేవతకు అంకితం చేసి, ఆపై ఊరి పెద్దల లైంగిక దోపిడీకి గురిచేసే జోగిని దురాచారం నిజామాబాదు జిల్లాలో బలంగా ఉండేది. దీనికి గురైనవారు ప్రధానంగా దళిత కుటుంబాల వారు. 1980వ దశకంలో సంఘసేవకురాలు, కవి గుర్రం జాషువా కుమార్తె అయిన హేమలతా లవణం (1932 - 2008), ఆమె భర్త లవణం తమ సంస్కార్ సంస్థ ద్వారా ఈ ప్రాంతంలో పనిచేశారు. బోధన్‌కు సమీపంలోని వర్నిలో జోగినుల పునరావాసానికి "చెల్లి నిలయం" ఏర్పాటు చేశారు. 1988లో ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ దేవదాసీ అంకిత నిషేధ చట్టాన్ని చేసింది. జిల్లా అధికారులు, స్వచ్ఛంద కార్యకర్తలు ఒకే వైపు నిలిచి పనిచేసిన కాలంగా దీనిని చెప్పుకొంటారు.

వెసులుబాటు తగ్గిన తీరు

సభలు, ఊరేగింపులు: 2016 జిల్లాల పునర్విభజన సమయంలో నిజామాబాదులో పోలీసు కమిషనరేటు ఏర్పడింది. సభలకు, ర్యాలీలకు ముందస్తు అనుమతి అవసరమని కమిషనరేటు నుండి ప్రకటనలు వెలువడుతుంటాయి. 2022 మార్చి 20న బోధన్‌లో విగ్రహ ప్రతిష్ఠాపన వివాదం ఉద్రిక్తతకు దారితీయగా, పట్టణంలో 144వ సెక్షను విధించారు. ఇటువంటి ఉత్తర్వులు వివాదంతో సంబంధం లేని కూలి సభలకూ వర్తిస్తాయి. 2024 జులై 1 నుండి ఈ అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 163వ సెక్షను కింద ఉంది. హైదరాబాదులో ఇందిరా పార్కు వద్ద గల ధర్నా చౌక్‌ను 2017లో ప్రభుత్వం మూసివేయగా, 2018లో హైకోర్టు జోక్యంతో అక్కడ తిరిగి ధర్నాలకు వీలు కలిగింది.

సంఘాల నిషేధం: 2021 మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం ప్రజా భద్రతా చట్టం కింద 16 సంఘాలను చట్టవిరుద్ధమైనవిగా ప్రకటించింది. మావోయిస్టులకు అనుబంధ సంఘాలన్నది ప్రభుత్వ ఆరోపణ. వాటిలో చైతన్య మహిళా సంఘం, అమరుల బంధుమిత్రుల సంఘం, విప్లవ రచయితల సంఘం ఉన్నాయి. హైకోర్టులో సవాలు ఎదురైన తరువాత, అదే సంవత్సరం జూన్‌లో ఆ ఉత్తర్వు ఉపసంహరించబడింది. మూడు నెలలే అమలులో ఉన్నా, ఇటువంటి ఉత్తర్వు పేరు లేని సంఘాలను కూడా భయపెడుతుంది. హాలు అద్దెకు ఇచ్చేవారు, సభకు వచ్చేవారు వెనుకాడతారు.

నిధులు: విదేశీ విరాళాల చట్టం మొదట 1976లో, అత్యవసర పరిస్థితి కాలంలో వచ్చింది. 2010లో కొత్త చట్టం దాని స్థానంలో వచ్చింది. 2020 సవరణ ప్రకారం విదేశీ విరాళం పొందిన సంస్థ దానిని మరో సంస్థకు బదిలీ చేయరాదు. పరిపాలనా వ్యయం 50 శాతం నుండి 20 శాతానికి తగ్గించబడింది. విరాళాలన్నీ ఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. సుప్రీం కోర్టు 2022 ఏప్రిల్‌లో ఈ సవరణను సమర్థించింది. నగరంలోని పెద్ద సంస్థ విదేశీ విరాళంలో కొంత భాగాన్ని మండల స్థాయి సంఘానికి ఇచ్చే పద్ధతి దీనితో ఆగిపోయింది.

సమ్మె హక్కు: 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం వీటిలో విలీనమైంది. కొత్త స్మృతి ప్రకారం అన్ని పరిశ్రమలలోను సమ్మెకు 14 రోజుల ముందస్తు నోటీసు అవసరం.

గ్రామాభివృద్ధి కమిటీలు: వెసులుబాటును తగ్గించేది ప్రభుత్వం ఒక్కటే కాదు. నిజామాబాదు జిల్లా గ్రామాలలో చట్టబద్ధత లేని గ్రామాభివృద్ధి కమిటీలు చాలా శక్తివంతమైనవి. బెల్టుషాపుల వేలం, జరిమానాలు, మాట వినని కుటుంబాలపై సాంఘిక బహిష్కరణ వంటి చర్యలతో ఇవి తరచు వార్తలకెక్కాయి. బహిష్కరణకు గురైన ఇంటికి కిరాణా సరుకు పుట్టదు, కూలి పిలుపు రాదు. ఇటువంటి ఊళ్ళో బెల్టుషాపును వ్యతిరేకించే స్త్రీ ఒకేసారి కమిటీని, సొంత కులపెద్దలను, ఇంటివారిని ఎదిరించవలసి వస్తుంది. దళితులు, గిరిజనులపై సాంఘిక, ఆర్థిక బహిష్కరణ 2016 జనవరి నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం.

తోడ్పాటు రూపాలు

ఈ పరిస్థితులలో మహిళా సంఘాలకు ఉపయోగపడే తోడ్పాటు కొన్ని రూపాలలో కనబడుతుంది.

న్యాయ సహాయం: న్యాయసేవాధికార సంస్థల చట్టం 1987 ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. సభకు అనుమతి కోరే దరఖాస్తును రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవడం, నిరాకరణను కూడా రాతలో కోరడం న్యాయవాదులు నేర్పే మొదటి పాఠం. రాతలో ఉన్న నిరాకరణను హైకోర్టులో సవాలు చేయవచ్చు. బహిరంగ సభలను క్రమబద్ధం చేయవచ్చునే గాని పూర్తిగా నిషేధించరాదని సుప్రీం కోర్టు హిమ్మత్‌లాల్ షా కేసులో చెప్పింది. 144వ సెక్షను ఉత్తర్వులను ప్రచురించాలని, న్యాయసమ్మతమైన అభిప్రాయ ప్రకటనను అణచుటకు వాటిని వాడరాదని 2020 జనవరిలో అనూరాధా భసీన్ కేసులో చెప్పింది.

కాగితాల పని: భవిష్యనిధి సంఖ్య, ఆధార్‌లో పేరు తేడాల సవరణ, టేకేదారు పుస్తకంలో నమోదు, సమాచార హక్కు దరఖాస్తు వంటివి బయటికి చిన్న పనులు. పింఛను రావడం, రాకపోవడం వీటిపైనే ఆధారపడినందున, ఇవి చేసిపెట్టే సంఘానికి సభ్యులు నిలుస్తారు. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజావాణిలో ఒక్కరు ఇచ్చిన అర్జీ కంటె, ఒకే విషయంపై యాభై మంది విడివిడిగా ఇచ్చిన అర్జీలు రికార్డులో బలంగా నిలుస్తాయి. దానికి ఊరేగింపు అనుమతి అవసరం లేదు.

స్థానిక నిధులు: దేశీయుల చందాలకు విదేశీ విరాళాల చట్టం వర్తించదు. సభ్యత్వ రుసుముతో నడిచే కార్మిక సంఘాలు 2020 సవరణకు తట్టుకొనుటకు కారణం ఇదే. సొసైటీగా నమోదైన సంఘం తన లెక్కలను, కార్యవర్గ వివరాలను ఏటా సకాలంలో సమర్పించడం కూడా రక్షణే. చిన్న సంఘాలకు డబ్బు కంటె ఉచితంగా లెక్కలు చూసే వ్యక్తి, సమావేశానికి గది, న్యాయవాది సమయం ఎక్కువ విలువైనవి.

చట్టబద్ధ స్థానాలు: గృహహింస చట్టం 2005 నమోదైన స్వచ్ఛంద సంస్థలను సేవా సంస్థలుగా గుర్తిస్తుంది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం 2013 ప్రకారం ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. ఇళ్ళలో, పొలాలలో పనిచేసే అసంఘటిత రంగ స్త్రీలు దానికే ఫిర్యాదు చేయవలసి ఉంటుంది. ఈ కమిటీలలోను, 2015లో మొదలైన సఖి కేంద్రాలతోను పనిచేయడం ద్వారా సంఘాలు వీధిలో కాకుండా కార్యాలయంలోనే ప్రశ్న వేసే స్థానాన్ని పొందగలవు.

పరిమితులు

ఈ పద్ధతులు వీధిలోని సభకు ప్రత్యామ్నాయం కావన్న విమర్శ ఉంది. అర్జీ వ్యక్తి సమస్యను పరిష్కరిస్తుంది గాని నియమాన్ని మార్చదు. 2014 నాటి గడువు తేదీని ఒక్కొక్కరి కాగితాలు సరిచేసి దాటలేరు. దానిని మార్చుటకు అందరూ ఒకచోట చేరి అడగవలసిందే. ప్రభుత్వ కమిటీలలో చేరిన సంఘం ఆ ప్రభుత్వాన్నే విమర్శించుటకు సంకోచించే ప్రమాదం కూడా ఉంది. అయితే కాగితాల పని ద్వారా కూడగట్టిన సభ్యత్వమే అనుమతి దొరికిన రోజున సభకు జనాన్ని తెస్తుంది. పేరు నమోదుకాని స్త్రీ కార్మికురాలిగా లెక్కలోకి రాదు. లెక్కలోకి రానివారి కోరిక ఏ కార్యాలయానికీ చేరదు. బీడీ గ్రామాలలో పనిచేసే సంఘాలు నమోదుకు ఇచ్చే ప్రాధాన్యానికి కారణం ఇదే.