మందు తర్వాత మిగిలిన మచ్చ

కిడ్నీలో పుట్టిన కేన్సర్ కణం రక్తంలో పడిందంటే దారి ముందే ఖరారై ఉంటుంది. కిడ్నీ సిర, ఆపై మహాసిర, గుండె కుడి గదులు, అక్కడి నుంచి నేరుగా ఊపిరితిత్తులు. ఈ జబ్బు ఒళ్లంతా పాకినప్పుడు ఛాతీ స్కానులో తరచూ గుండ్రటి మచ్చలు కనిపించేది అందుకే.

వాటిని కోసి తీయడం పాత విద్యే. బోస్టన్ సర్జన్లు బార్నీ, చర్చిల్ ఒక రోగికి కిడ్నీని, తర్వాత ఊపిరితిత్తిలో ఒక భాగాన్ని తీసేసి, ఆ సంగతి 1939లో ప్రచురించారు. ఆ రోగి మరో రెండు దశాబ్దాలకు పైగా బతికి, చివరికి గుండెజబ్బుతో పోయారు. మచ్చలు ఒకటో రెండో ఉన్నవాళ్లకే అంతటి అదృష్టం.

2015లో ఈ కేన్సర్‌కు నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుకు అమెరికాలో అనుమతి దొరికింది. మన రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాల మీద పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది. కేన్సర్ దాన్ని తొక్కి పట్టుకుంటే, ఈ మందు వదిలిస్తుంది. కొందరిలో మచ్చలు బాగా కుంచించుకుపోయి, ఒకటో రెండో మిగులుతాయి. అవి బతికున్న కేన్సరా, చచ్చిన కణాల మచ్చా? స్కాన్ ఖాయంగా చెప్పలేదు. కోసి తీసిన ముక్కలో ఒక్కోసారి బతికున్న కేన్సర్ కణం ఒక్కటీ దొరకదు!

మరి అందరికీ కోయాలా? అక్కర్లేదని నా అభిప్రాయం. మందు వల్ల వాచిన చోట కణజాలం అతుక్కుపోయి కత్తికి లొంగకపోవచ్చు. కొందరిలో అడ్రినల్ గ్రంథి దెబ్బతింటుంది. అది తెలియకుండా మత్తు ఇస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు. అనుమానం ఉంటే ఆ గ్రంథి హార్మోన్ అయిన కార్టిసాల్ పరీక్ష ముందే చేయించాలి.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇంకో చిక్కుంది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి గనుల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము చిన్నచిన్న గడ్డలు కట్టవచ్చు. నయమైన టీబీ కూడా మచ్చ వదిలిపోతుంది. వీటిని కేన్సర్‌గా పొరబడటం కష్టమేమీ కాదు. పదేళ్ల కిందటి ఎక్స్‌రేలోనూ అదే మచ్చ అదే సైజులో ఉంటే సర్జన్‌కు సగం అనుమానం అక్కడే తీరుతుంది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రికో నిమ్స్ ఆసుపత్రికో బయల్దేరేటప్పుడు కొత్త రిపోర్టులతో పాటు, అటక మీది పాత ఫిల్ములు కూడా సంచిలో పెట్టుకోండి.