పోలీసు జాగిలము – పగ్గము పట్టినవాడు

నేరము జరిగిన చోటికి పోలీసు జాగిలమును తెచ్చిరని వినగానే జనము గుంపులుగా చేరుదురు. అది ఎవరి గడప ముందర ఆగునో ఆ ఇంటివాడే దోషియని పలువురు అప్పుడే నిశ్చయించుకొందురు. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో తెలియవలెనన్నచో, జాగిలమును, దాని పగ్గము పట్టిన పోలీసును వేరువేరుగా గాక ఒక జంటగా చూడవలెను.

మొదట ముక్కు సంగతి. వాసనను గ్రహించు కణములు మనుష్యుని ముక్కులో సుమారు 50 లక్షలు. మేలుజాతి జాగిలమునకు 20 కోట్లకు పైగా ఉండును. వాసన పట్టునపుడు అది సెకనుకు ఐదారుమార్లు గాలిని పీల్చును. విడిచిన గాలి ముక్కు ప్రక్కలనున్న చీలికల గుండా పోవుటచే ఎదుటి వాసన చెదరదు. పప్పుచారు కాగుచున్నదని మాత్రమే మనము గ్రహింతుము. జాగిలము అందలి ఇంగువను, చింతపండును, కరివేపాకును విడివిడిగా గుర్తింపగలదని చెప్పుకొనవచ్చును.

అయితే జాగిలమునకు మాటలు రావు. దాని మాటను మనకు వినిపించువాడు హ్యాండ్లరు. శిక్షణలో మొదటినుండి ఇరువురును కూడియుందురు. హైదరాబాదు చెంతనున్న మొయినాబాదు శిక్షణాలయములో జాగిలములతోపాటు హ్యాండ్లరులకును శిక్షణ నొసగుదురు. తిండి పెట్టుట, ఒడలు దువ్వుట, ఆడించుట అతని పనులే. అందుచే తోక బిగిసినను, ఊపిరి వేగము మారినను, తల చటుక్కున ప్రక్కకు తిరిగినను అతడు వెంటనే కనిపెట్టును. పేలుడు పదార్థములను వెదకు జాగిలము వాటిని కనుగొన్నచో మొరగదు, గోళ్ళతో గీకదు, మెల్లగా కూర్చుండును. అప్పుడు దానికి బంతి లభించును. మనకది ప్రాణాపాయమైన పని, దానికి ఆట.

పగ్గము టెలిఫోను తీగ వంటిది. వార్తలు రెండువైపులకును పోవును. ఫలాని ఇంటిమీద హ్యాండ్లరునకు అనుమానముండి అతని అడుగు అచట మందగించినచో, అతని మెప్పు కోరు జాగిలము దానిని పసిగట్టును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు 18 జంటలను పరీక్షించి 2011లో ఫలితములను ప్రకటించిరి. గదులలో ఏ వస్తువును దాచకయే, దాచియుండవచ్చుననియు, కొన్నిచోట్ల ఎర్ర కాగితము గుర్తుగా నుండుననియు హ్యాండ్లరులకు చెప్పిరి. 144 వెదకులాటలలో 21 మాత్రమే తప్పు లేక ముగిసినవి. ఎర్ర కాగితమున్న చోట్ల తప్పుడు సూచనలు హెచ్చుగా వచ్చెను. మనుష్యుని నమ్మకమునకు ఈ తప్పులలో పాలు కలదని తేలెను.

ఇందులకు విరుగుడు కలదు. వస్తువును దాచిన చోటు, అసలు దాచినదియు లేనిదియు హ్యాండ్లరునకు తెలియకుండ సాధన చేయింపవలెను.

మేమీ విషయమును ఎత్తుకొనుటకు కారణము, దీనిమీద నిరపరాధుల బ్రతుకు ఆధారపడియుండుటయే. ఆంధ్రప్రదేశమునకు సంబంధించిన ఒక హత్య కేసులో సుప్రీంకోర్టు 2001లో, జాగిలముగాని దాని యజమానిగాని పొరబడవచ్చుననియు, జాగిలము ప్రవర్తనకు తప్పు అర్థము చెప్పుకొనవచ్చుననియు తెలిపి, అట్టి సాక్ష్యమునందు సహజముగానే లోపములు గలవని పేర్కొనెను. జాగిలము చూపునది దర్యాప్తునకు దారి, తీర్పు కాదు.

కావున మీ ఊరికి జాగిలము వచ్చినపుడు దూరముగా నిలువుడు. గుంపు త్రొక్కిన నేలపై జాడ చెదరిపోవును. అది ఆగిన గడపవైపు వ్రేలు చూపకుడు. దర్యాప్తు ముగియువరకు ఆ ఇంటివారు మీ పొరుగువారే.