గోడ గీకకయే రంగును గుర్తించుట

లేపాక్షి వీరభద్రాలయ మండపముల లోకప్పులపై 16వ శతాబ్దినాటి విజయనగర చిత్రములు నేటికిని కానవచ్చును. ఇట్టి ప్రాచీన చిత్రములలో రంగు రాలినచోట మరమ్మతు చేయుటకు ముందు, చిత్రకారుడు వాడిన రంగు ఏదియో తేలవలెను. ఎరుపునే తీసికొందము. కావిరాయియు ఎరుపే, ఇంగిలీకమును ఎరుపే. కావి ఇనుము ఆక్సైడు, వెలుతురునకు చెక్కుచెదరదు. ఇంగిలీకము పాదరస గంధకముల సమ్మేళనము. వెలుతురున క్రమముగా నల్లబడవచ్చును. పొరపడి ఒకదానిచోట వేరొకటి పూసినచో కొంతకాలమునకు అతుకు బయటపడును.

గోడను గీకి పరీక్షింపవచ్చును. కాని గీకిన రంగు తిరిగి రాదు. అందుచేత కాంతి సాయము కోరుదురు. మన కన్ను సుమారు 400 నుండి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల కాంతినే చూడగలదు. సిలికాన్ కెమెరా దాదాపు 1000 వరకు చూడగలదు. ఫిల్టర్లు మార్చుచు ఒకే చిత్రమును పలు తరంగదైర్ఘ్యములలో ఫోటో తీయుదురు. ఇదియే బహువర్ణపట చిత్రణము.

860 నానోమీటర్ల చెంత కావి కాంతిని పీల్చుకొని మసకగా కనిపించును. ఇంగిలీకము తెల్లగా కనిపించును. పరారుణ కాంతిలో నీలిమందు తెల్లబడును. దీపపు మసి నల్లగనే నిలుచును.

అయితే సీసపు సిందూరము కూడ ఇంచుమించు ఇంగిలీకమువలెనే కనిపించును. అట్టి సందేహము మిగిలినచోట ఎక్స్-కిరణ పరీక్ష పాదరసమో, సీసమో తేల్చును. అప్పటికిని గోడపై గీత పడదు.