నవోదయ సీటు: మూడో తరగతిలోనే మొదలయ్యే లెక్క

శుక్రవారం ఫహాహీల్ బస్టాండు దగ్గర నలుగురు తెలుగువాళ్లు కలిస్తే జీతాలు, అకామా అయ్యాక వచ్చే మాట పిల్లల చదువే. "పిల్లోడికి మంచి హాస్టల్ స్కూల్లో సీటొస్తే చాలన్నా" అనే తండ్రులు మన క్యాంపుల్లో ఎంతోమంది. పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలి వచ్చినవాళ్లకు ఆ బెంగ మరీ ఎక్కువ.

అలాంటివాళ్లు ముందుగా తెలుసుకోవలసింది జవహర్ నవోదయ విద్యాలయం గురించి. పి.వి. నరసింహారావు గారు 1971లో మన సర్వేల్‌లో గురుకులం పెట్టించారు. కేంద్రంలో విద్యాశాఖ చూస్తున్నప్పుడు, 1985-86లో, అదే బాటలో నవోదయలు మొదలుపెట్టారు. పాత జిల్లాల లెక్కన కడపవాళ్లకు రాజంపేట దగ్గర, చిత్తూరువాళ్లకు మదనపల్లె దగ్గర, తూర్పుగోదావరికి పెద్దాపురం, పశ్చిమకు పెదవేగి, కరీంనగర్‌కు చొప్పదండి, నిజామాబాద్‌కు నిజాంసాగర్‌లో ఉన్నాయి. జిల్లాలు విడిపోయాయి కాబట్టి మీ మండలం ఇప్పుడు దేని కిందికి వస్తుందో విచారించుకోండి.

తిండి, వసతి, పుస్తకాలు, బట్టలు ఉచితం. ఎనిమిదో తరగతి దాకా పైసా కట్టనక్కర లేదు. తొమ్మిది నుంచి నెలకు 600 రూపాయలు, అదీ ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్లకు లేదు. కోరుకొండ, కలికిరిల్లో సైనిక్ స్కూళ్లూ ఉన్నాయి గానీ అక్కడ ఫీజు భారం.

ఇక మనవాళ్లు దెబ్బ తినే చోటుకు వద్దాం. ఆరో తరగతి సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలవి. పల్లె పిల్లాడు అనిపించుకోవాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు మూడూ పల్లెలోని బడిలోనే పూర్తిగా చదవాలి. ఆ మూడేళ్లలో ఒక్కరోజు పట్నం బడిలో చదివినా పట్నం లెక్కలోకే పోతాడు. సొంతూరు పల్లె అయినా, ఇల్లు అక్కడే ఉన్నా లాభం లేదు.

మనం చేసేదేమిటి? కువైట్ డబ్బు చేతికి రాగానే పట్నంలో గది అద్దెకు తీసి పిల్లల్ని కాన్వెంటులో వేస్తాం. మా అన్న కొడుకు విషయంలో నేనే పట్టుబట్టి మూడో తరగతిలో పట్నం బడికి మార్పించాను. ఫీజు కూడా ఇక్కడి నుంచే పంపాను. తీరా దరఖాస్తు నింపేటప్పుడు తెలిసింది, వాడు పట్నం పిల్లలతో ఆ కొద్ది సీట్లకే పోటీ పడాలని. సీటు రాలేదు. వదిన ఇప్పటికీ నన్నేమీ అనదు, అదే బాధ.

ఇంకో సంగతి. అయిదో తరగతి ఏ జిల్లాలో చదువుతుంటే ఆ జిల్లా నవోదయకే పెట్టాలి, అమ్మానాన్నల నివాసం కూడా ఆ జిల్లాలోనే చూపాలి. పిల్లల్ని మేనమామ ఇంట్లో పక్క జిల్లాలో ఉంచినవాళ్లు ఇది గుర్తుంచుకోండి. కుటుంబంతో ఇక్కడ ఉండి, ఫహాహీల్ బడిలో అయిదో తరగతి చదివే పిల్లలకు దారి లేదు.

పరీక్ష రాసేది ఒక్కసారే. అయిదు మళ్లీ చదివించి రెండోసారి రాయిద్దామంటే కుదరదు. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు బొమ్మలు చూసి జవాబు పట్టే మేధాశక్తి ప్రశ్నలకే. మిగతా సగం లెక్కలకూ, భాషకూ. తెలుగులోనే రాయవచ్చు. కాబట్టి ఇంగ్లీషు కాన్వెంటు చదువు లేకపోతే ఓడిపోతారన్న భయం వద్దు.

2026-27 ప్రవేశాలకు పరీక్ష 2025 డిసెంబర్ 13న జరిగింది. దరఖాస్తులు ఆ ఏడు వేసవి సెలవుల చివర్లోనే మొదలయ్యాయి. అంతా ఆన్‌లైన్, రుసుము లేదు. హెడ్మాస్టరు సంతకంతో ధ్రువపత్రం కావాలి. మీరు ఇక్కడున్నారని ఆగనక్కర లేదు, తల్లి సంతకం చేస్తుంది. ఆధార్‌లోని పేరు, పుట్టిన తేదీ బడి రికార్డుతో సరిపోయాయో లేదో మాత్రం ముందే చూసుకోమనండి.

మీ పిల్లాడు ఇప్పుడు రెండో తరగతిలో ఉంటే వచ్చే శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట అడగండి: వచ్చే ఏడు ఏ బడిలో వేస్తున్నారు, ఆ బడి పంచాయతీలో ఉందా, మునిసిపాలిటీలో ఉందా అని.